పద్నాలుగో కోట, గుండిగలవాళ్ళ గుమ్మం

మా ఏడిద్దులపాలెంలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే గుండిగలవాళ్ళు తడుముకోకుండా "మేమే" అంటారు. ఇంకెవర్నైనా అడిగి చూద్దామంటే, "మేం చెప్పాక మళ్ళీ వాళ్ళనెందుకు ఇబ్బంది పెట్టడం" అంటారు. నేను వాళ్ళ పక్కింటిదాన్ని. మా పెరడుకీ వాళ్ళ పెరడుకీ మధ్య ఒకటే గోడ. ఇరవై ఏళ్ళుగా ఆ తెలివి ఎలా పనిచేస్తుందో కళ్ళారా చూస్తున్నాను కాబట్టి ఇందులో నేను కల్పించింది ఏమీ లేదు. కల్పించాలన్నా నాకు అంత తెలివి లేదు.

వాళ్ళకి అసలు ఇంటిపేరు వేరే ఏదో ఉంది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వంటలు చేస్తారు, ఇంటినిండా మనిషి నడుం ఎత్తు గుండిగలుంటాయి కాబట్టి ఊరందరికీ గుండిగలవాళ్ళే. ఇంటి యజమాని కొండలరావు. ఆయన భార్య సూరమ్మ. తమ్ముడు తాతారావుకి పెళ్ళి కాలేదు. చేసుకుంటే ఆ పెళ్ళికి వంట ఎవరు చేయాలో ఇప్పటికీ తేలలేదు, అందుకని ఆగిపోయింది. వీళ్ళందరి మీదా కొండలరావు తల్లి ముత్యాలమ్మగారు. ఆవిడకి ఎనభై దాటాయి గానీ గారె నోట్లో పెట్టకుండానే, వాసన చూసి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేస్తుంది.

కొండలరావు ఊరికి వెళ్ళేటప్పుడు ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఆ తాళానికే వదిలేస్తాడు. జేబులో వేసుకుంటే ఎక్కడైనా పడిపోతుందని. వాన వస్తే గొడుగు చంకలో దాచుకుని తడుస్తూ వస్తాడు. కొత్త గొడుగు తడిస్తే పాడైపోతుందని. "ఇంత ముందుచూపు ఎవరికుందండీ అక్కయ్యగారూ" అని నన్నే అడుగుతాడు. ఎవరికీ లేదని నేను ఒప్పుకుంటాను. నిజమే కదా.

వాళ్ళకి తాతల నాటి నుంచి ఒక ఆచారం ఉంది. గుమ్మం ముందుకి ఎవరొచ్చినా సరే, తినకుండా పోకూడదు. కరెంటు బిల్లు కాగితం ఇచ్చిపోయే కుర్రాడు నెలకోసారి అక్కడే భోంచేస్తాడు. ఒకసారి మిట్టమధ్యాహ్నం దొంగ దూరితే విస్తరేసి పెరుగన్నం పెట్టి, "కూరలు అయిపోయాయి నాయనా, ఏమీ అనుకోకు, రేపు కాస్త పెందలాడే రా" అని పంపించారు. వాడు మర్నాడు పెందలాడే వచ్చాడు కూడా. వాళ్ళని ఎన్ని మాటలన్నా ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు వాళ్ళంటే ప్రేమ. అక్కడ ఎక్కువ తిన్నది నేనే.

ఇక ఆ ఇంటి ఒక్కగానొక్క పిల్ల ఇందుమతి. మొన్న మాఘంలో పెళ్ళయింది. అల్లుడు శేషగిరి బుద్ధిమంతుడు, ఉద్యోగస్థుడు. ఒకే ఒక్క జబ్బు. పలకంత ట్యాబ్ ఒకటి పట్టుకుని అందులో రాతికోటల ఆట ఆడుతుంటాడు. మనమే రాజు, కోట మనది, బయట నుంచి శత్రువులు వస్తారు, కోట కాపాడుకుంటే తర్వాతి కోటకి వెళ్తాం. శేషగిరి పదమూడు కోటలు దాటేసి పద్నాలుగో దాని దగ్గర నలభై అయిదు రోజులుగా ఇరుక్కుపోయాడు.

ఆ నలభై అయిదు రోజులూ ఇందుమతికి గండమే. ఆ పిల్ల పుట్టి ఇరవై మూడేళ్ళయినా సముద్రం చూడలేదు. మా ఊరికి రెండు గంటల ప్రయాణమే. ఒకసారి సముద్రం ఒడ్డున పెళ్ళికి ఇంటిల్లిపాదీ వంటకి కూడా వెళ్ళారు. పొయ్యిలు ఇటు ఊరివైపు ఉన్నాయట, అందరూ ఇటే తిరిగి వండి, ఇటే తిరిగి వచ్చేశారు. కాపురానికి వెళ్ళిన కొత్తలోనే ఇందుమతి సముద్రం అడిగితే, శేషగిరి ఆట మధ్యలో తలెత్తకుండా, "ఈ పద్నాలుగో కోట దాటిన మర్నాడే తీసుకెళ్తాను" అన్నాడు. ఆ పిల్ల ఆ మాట పట్టుకుని కూర్చుంది. ఆయన కోట ఓడిపోయిన ప్రతిసారీ లోపలికెళ్ళి కళ్ళు తుడుచుకుని, టిఫిను పట్టుకొచ్చేది.

ఒక బుధవారం సాయంత్రం శేషగిరి భార్యని పుట్టింట్లో దింపి, ఆఫీసు పని మీద రాజమండ్రి బయల్దేరాడు. ట్యాబ్ మామగారి చేతిలో పెట్టాడు.

"ఇది దగ్గరుంటే అక్కడ పని సాగదు మావయ్యగారూ. ఆదివారం పొద్దున వచ్చేస్తాను. ఆ మధ్యాహ్నం పన్నెండింటికి ఆటవాళ్ళు ఈ కోట తీసేస్తారట. అప్పటికి దాటకపోతే ఇంక దాటడమనేది లేదు."

ఇందుమతి గుమ్మం పట్టుకుని నిలబడింది. "దాటడం లేకపోతే సముద్రమో?" అంది.

శేషగిరి మొహం పక్కకి తిప్పుకుని, "మీకు తోస్తే మీరూ ఓ చెయ్యి వేసి చూడండి మావయ్యగారూ" అన్నాడు. "కష్టమేమీ కాదు. సూర్యుడు దిగేదాకా కోట తలుపు తెరవకూడదు. శత్రువు మనవాడి వేషంలో వస్తాడు, నమ్మకూడదు. గోడ, గింజలు చూసుకోవాలి. అంతే."

"అంతేనా?" అన్నాడు కొండలరావు. "ఈమాత్రానికి నలభై అయిదు రోజులా? పెళ్ళివారి వంటలే మూడు పూటల్లో తేల్చేసే కొంప మాది. మీరు నిశ్చింతగా వెళ్ళి రండి అల్లుడుగారూ."

గురువారం పొద్దున్నే హాల్లో పీట వేసి, పీట మీద ట్యాబ్ నిలబెట్టి, చుట్టూ అయిదుగురూ కూర్చున్నారు. కొండలరావు వేలు పెట్టాడు. కోట వచ్చింది. గడ్డం మంత్రి ఒకాయన వచ్చి దణ్ణం పెట్టి, "మహారాజా, శత్రువులు వస్తున్నారు. ఆజ్ఞ ఏమిటి?" అన్నాడు.

కొండలరావు వెంటనే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. "నమస్కారమండీ. మీరు పొరపాటు పడ్డారు. నేను మహారాజుని కాదు, వంటల కొండలరావుని" అన్నాడు.

మంత్రి మళ్ళీ, "మహారాజా, ఆజ్ఞ ఏమిటి?" అన్నాడు.

"చెబుతుంటే వినరేం అండీ. ఆధార్ కార్డు తేనా?"

తాతారావు వెళ్ళి ఆధార్ కార్డు తెచ్చి మంత్రి మొహానికి ఆనించి పట్టుకున్నాడు. మంత్రి చదువుకున్నాడో లేదో మరి, "మహారాజా" అనే అన్నాడు. కార్డు పట్టుకున్న వేలు ఎక్కడ తగిలిందో, ఈలోపు కోట పోయింది. అప్పుడు ముత్యాలమ్మగారు కల్పించుకుంది. "ఒరేయ్ కొండలూ, పెద్దమనిషి నోరారా పిలుస్తుంటే కాదు కాదు అంటావేంట్రా. ఒక్క పూట రాజువైతే నీ సొమ్మేం పోయింది" అంది. అంతే, తువ్వాలు తలపాగా చుట్టి కొండలరావుని రాజుని చేశారు. మంత్రికి అబద్ధం చెప్పినట్టు కాకుండా మిగతావాళ్ళు కూడా ఆయన్ని మహారాజా అనే పిలవడం మొదలెట్టారు. సూరమ్మ మాత్రం, "మహారాజా, పాలవాడొచ్చాడు, గిన్నె తీసుకెళ్ళండి" అంది.

రెండోసారి ఆట మొదలైంది. ఈసారి మంత్రి, "మహారాజా, రెండు వందల మంది కోట గుమ్మం ముందు నిలబడి ఉన్నారు" అన్నాడు. కింద రెండు మాటలు వెలిగాయి. ఒకటి "తెరువు", రెండోది "తెరవకు".

సూరమ్మ గభాల్న లేచింది. "రెండు వందల మందా? వేళ చూస్తే పదకొండయింది. ఎండలో నిలబెట్టేశామే పాపం" అంది.

"అల్లుడుగారు తెరవొద్దన్నారు కదే" అన్నాడు కొండలరావు.

"అల్లుడుగారు పరాయి ఇంటి బిడ్డ. మన ఆచారం ఆయనకేం తెలుసు? మీ నాన్నగారుంటే ఈ మాట అనేవారా?"

కొండలరావుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. తండ్రిని తలుచుకుని తెరువు మీద నొక్కాడు. ఇంకేముంది, రెండు వందల గుర్రాలు లోపలికొచ్చి కోటంతా తొక్కేశాయి. "కోట పోయింది. మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది.

"ఆకలి మీద ఉన్నారు. అలాగే ఉంటుంది" అంది సూరమ్మ.

ఆ రోజు ఇలా పదకొండుసార్లు ఆడారు. పదకొండుసార్లూ పిలిచి లోపల కూర్చోబెడదామనే చూశారు. పదకొండుసార్లూ వచ్చినవాళ్ళు కూర్చోలేదు.

శుక్రవారం నాడు ఇందుమతి బతిమాలింది. "తలుపు తియ్యకండి నాన్నా. ఒక్కసారి నా మొహం చూడండి." కొండలరావు కూతురి మొహం చూసి, సరే, తలుపు తియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. తలుపు తియ్యకుండానే అతిథులకి ఏం మర్యాద చెయ్యొచ్చో ఆలోచించమన్నాడు. అప్పుడే మంత్రి, "మహారాజా, గోడ మీద నుంచి కాగే నూనె పోయమంటారా?" అన్నాడు.

సూరమ్మ నవ్వింది. "వంట తెలియని మనిషి. ఉత్త నూనె పోస్తారటయ్యా ఎవరైనా? ఉండండి మంత్రిగారూ, పప్పు నానబోసి వస్తాను" అని సరేనన్నట్టు మంత్రిని వేలితో తట్టింది. మినప్పప్పు నాని, రుబ్బి, నూనె కాగి, గారెలు మొదలయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. ఈ సంగతి ఎరగని శత్రువులు అంతసేపు ఆగలేదు. కోట ఎప్పుడో పోయింది. నాలుగు వందల గారెలు మిగిలాయి. మనిషికి రెండు లెక్కన చేసిందట.

సాయంత్రం మళ్ళీ ఆడితే మంత్రి, "మహారాజా, సైన్యానికి గింజలు నిండుకున్నాయి" అన్నాడు. తాతారావు ట్యాబ్‌ని అమాంతం ఎత్తుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి, పైన మరో నాలుగు శేర్ల బియ్యం పోసి మూత పెట్టాడు. డబ్బా లోపలి నుంచి, "మహారాజా, గింజలు నిండుకున్నాయి" అని సన్నగా వినిపించింది.

"పీకల దాకా బియ్యంలో ఉండి ఇంకా లేవంటాడేమిటన్నయ్యా" అన్నాడు తాతారావు.

కొండలరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "పచ్చి బియ్యం ఎలా తింటార్రా వాళ్ళు? వండాలి" అన్నాడు. అంతే, పెద్ద గుండిగ పొయ్యెక్కింది. సైనికులు అరవై మందని మంత్రి చెప్పాడు కాబట్టి అరవై మందికి అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, సాంబారు. విస్తళ్ళు వేసి, ట్యాబ్‌ని పంక్తి చివర కూర్చోబెట్టి, "లేవండి బాబూ, చల్లారిపోతోంది" అని అరగంట పిలిచారు. సైనికులు ఒక్కరూ బయటికి రాలేదు. మొహమాటం అనుకున్నారు. ఇక అన్నం పారేయలేక ఊళ్ళోవాళ్ళని పిలిచారు. "వాళ్ళ పేరు చెప్పుకుని మీరు తినండి, పుణ్యం వాళ్ళకి వెళ్తుంది" అన్నారు. నా మటుకు నేను ముగ్గురు సైనికుల భోజనం చేశాను.

శనివారం మంత్రి, "మహారాజా, గోడ బీటలు వారింది" అన్నాడు. తాతారావు పెరట్లోకి పరిగెత్తాడు. వాళ్ళకీ మాకూ మధ్యనున్న గోడకి నిజంగానే ఓ మూల చిన్న బీట ఉంది. "ఈ మంత్రి మామూలువాడు కాదన్నయ్యా. కూర్చున్న చోట నుంచే కనిపెట్టాడు" అన్నాడు. బీట పూడ్చడానికి ఇటుకలు కావాలి. ఇటుకల కోసం ఎక్కడికో పోవడమెందుకని అదే గోడకి అటు చివర నుంచి పీక్కొచ్చాడు. పొద్దుగూకేసరికి ఈ చివర గోడ మూడు వరసల మందాన కోటలాగా లేచింది. ఆ చివర గేదె అడ్డంగా తిరిగినా పట్టేంత ఖాళీ వచ్చింది. మా గేదె తిరిగి చూసింది, పట్టింది.

"తాతారావూ, ఇప్పుడు గోడ లేని చోట సంగతేంటి?" అని అడిగాను.

"గోడ లేని చోట బీటలు రావండి అక్కయ్యగారూ" అన్నాడు.

ఆ సాయంత్రం ఇందుమతి అన్నం తినలేదు. ఆ ఇంట్లో ఒక మనిషి అన్నం తినకపోవడం వాళ్ళ జ్ఞాపకంలో అదే మొదటిసారి. అందరూ ఆ కంచం చుట్టూ కూర్చుని బెంగ పెట్టుకున్నారు. ముత్యాలమ్మగారు మనవరాలి తల నిమిరి, "రేపు దాటిస్తాంలే తల్లీ" అంది. వెర్రివాళ్ళే గానీ పిల్లంటే ప్రాణం పెట్టేస్తారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కొండలరావు అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. "నాకు అర్థమైంది. తప్పు మంత్రిది కాదు, మన చేతులది. గుమ్మంలో మనిషి కనబడగానే చెయ్యి ఊరుకోదు. అది మన రక్తంలో ఉంది. కాబట్టి ఇవాళ ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండకూడదు. నా చేతులు సూరమ్మ పట్టుకుంటుంది, సూరమ్మ చేతులు..." అని మొదలెట్టి, ఎవరి చేతులు ఎవరు పట్టుకోవాలో తేల్చేసరికి పది దాటింది. చివరికి గుండ్రంగా కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అంతకు ముందే వీధి తలుపు కూడా గడియ పెట్టేశారు. నాలుగు రోజులూ ఇంటి తలుపు బార్లా తీసి ఉందని, శత్రువులు అందుకే అంత ధైర్యంగా వస్తున్నారని సూరమ్మ కనిపెట్టింది.

మరి మొదలెట్టడానికి నొక్కేదెవరు? చేతులు లేవు కదా. కొండలరావు వంగి ముక్కుతో నొక్కాడు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? నేను గోడ లేని చోట నుంచి వచ్చి పెరటి గడప మీద కూర్చున్నాను. నన్నెవరూ ఆపలేదు. తలుపు మూసే ఉందిగా. పైగా శుక్రవారం నాటి గారెలు ఇంకా ఉన్నాయి.

మంత్రి వచ్చాడు. శత్రువులొచ్చారన్నాడు. సూరమ్మ చేతులు గింజుకున్నాయి, ముత్యాలమ్మగారు గట్టిగా పట్టుకుంది. నూనె పోయమంటారా అన్నాడు. సూరమ్మ కళ్ళు మూసుకుంది. గింజలు పంచమంటారా, సైన్యాన్ని బయటికి పంపమంటారా అన్నాడు. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. శత్రువులు గోడ చుట్టూ తిరిగారు, తిరిగారు, గుర్రాలు అలిసిపోయాయి. ఆటలోని సూర్యుడు పైనుంచి జారి కొండ వెనక్కి దిగిపోయాడు. రెండు వందల మందీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఆ కోటకి కావలసింది ఏమీ చెయ్యకుండా ఊరుకోవడమే. శేషగిరి నలభై అయిదు రోజులు ఏదో ఒకటి చేస్తూ పోయాడు, అందుకే పోయింది.

మంత్రి ఆనందంగా, "మహారాజా, సూర్యుడు అస్తమించాడు. ఇక తలుపు తెరవండి, కోట గెలుచుకోండి" అన్నాడు.

కొండలరావు తెరువు మీదకి ముక్కు దించబోయి ఆగాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. పదకొండున్నర కావస్తోంది, ఎండ నిప్పులు చెరుగుతోంది.

"మోసం" అన్నాడు. "నడినెత్తికి వస్తున్న సూర్యుణ్ణి దిగిపోయాడంటాడేమిటి? వీడు మంత్రి కాదు. మంత్రి వేషంలో ఉన్న శత్రువు. అల్లుడుగారు ముందే చెప్పారు."

"అమ్మ నా తండ్రో" అంది సూరమ్మ. "నాలుగు రోజులు మంత్రిగారూ మంత్రిగారూ అన్నానే."

ఇంకేముంది, గురువారం పదకొండుసార్లు తెరిచినవాళ్ళు, తెరవాల్సిన ఆ ఒక్కసారీ తెరవమని కూర్చున్నారు. సూర్యుడు నిజంగా దిగేదాకా, అంటే సాయంత్రం ఆరున్నర దాకా, కదలకూడదని తీర్మానం అయిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. "మావయ్యగారూ, నేను శేషగిరిని. తలుపు తియ్యండి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలుపు తియ్యకూడదు. గుమ్మంలో మనిషిని పస్తుంచకూడదు. సూరమ్మ చేతులు విడిపించుకుని వంటింట్లోకి వెళ్ళింది. రెండు నిమిషాల్లో కిటికీ ఊచల్లోంచి అరుగు మీదకి అరిటాకు జారింది. వెనకాలే మూరెడు కాడ ఉన్న పెళ్ళివంటల గరిటె ఊచల్లోంచి బయటికి వచ్చి అన్నం పెట్టింది, మళ్ళీ లోపలికెళ్ళి పప్పుతో వచ్చింది, మళ్ళీ వెళ్ళి గోంగూర పచ్చడితో వచ్చింది.

తెల్లవారుజామున బస్సెక్కిన మనిషి. ఆకలి దంచేస్తోంది. ఏమిటీ గొడవని అడగడం తర్వాతి సంగతనుకుని అరుగు మీద కూర్చుని తినేశాడు, గోంగూరతో సహా.

సూరమ్మ గరిటె కింద పెట్టేసింది. "మా అల్లుడు గోంగూర ముట్టడు. పులుపు పడదు. పెళ్ళిలోనే పక్కన పెట్టేశాడు" అంది మెల్లగా. "ఈ మనిషి ఆకు నాకేశాడు."

"వేషం" అన్నాడు తాతారావు.

శేషగిరి చెయ్యి కడుక్కుని కిటికీలోంచి చూస్తే, పీట మీద ట్యాబ్, ట్యాబ్‌లో దణ్ణం పెడుతున్న మంత్రి, కింద వెలుగుతున్న తెరువు. టైము పదకొండూ యాభై. రెండు చేతులా ఊచలు పట్టుకుని, "మావయ్యగారూ, గెలిచేశారు. ఆటలో తెరువు అని ఉంది చూడండి, దాని మీద వేలు పెట్టండి. ఇంకా పది నిమిషాలే ఉంది" అన్నాడు.

"పెట్టను. ఎవడివి నువ్వు?" అన్నాడు కొండలరావు. అల్లుణ్ణి ఏనాడూ నువ్వు అనని మనిషి.

"మీ అల్లుణ్ణండీ."

"మా అల్లుడు సూర్యుడు దిగేదాకా తెరవద్దని చెప్పి వెళ్ళాడు. అల్లుడి మాట అల్లుడే కాదంటాడా?"

"అది ఆటలో సూర్యుడండీ."

"సూర్యుడు ఒక్కడేనయ్యా. బళ్ళో చెప్పలేదా నీకు?"

ఇందుమతి కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. మొహం ఆయనదే, గొంతు ఆయనదే, చొక్కాకి ఊడిన గుండీ తను కుట్టిందే. కానీ గోంగూర తిన్నాడు. నమ్మితే కోట పోతుందేమో, నమ్మకపోతే మొగుడు పోతాడేమో. ఆ పిల్ల పడ్డ యాతన చూస్తే నాకు నవ్వు రాలేదు. మీరు వెళ్ళి నొక్కొచ్చు కదా అంటారు. రెండు చేతుల్లోనూ గారెలున్నాయి నాకు.

పదకొండూ యాభై ఎనిమిది. మంత్రి పాపం ఓపికగా మరో మాట అన్నాడు. "మహారాజా, విజయ విందు సిద్ధంగా ఉంది. తలుపు తెరిస్తే మీ సైనికులందరూ కూర్చుని భోంచేస్తారు."

ఈ గొడవలో గోడకి చేరగిలబడి కునుకు తీస్తున్న ముత్యాలమ్మగారు చటుక్కున కళ్ళు విప్పింది. "భోజనానికి పిలుస్తుంటే తలుపేసుకుని కూర్చున్నార్రా మీరు?" అంది. "ఏ జన్మలో చేసిన పాపం." అంటూ వంగి వేలు పెట్టి తెరువు మీద నొక్కేసింది.

అంతే. బాజాలు మోగాయి, పూలు కురిశాయి, "పద్నాలుగో కోట గెలిచారు" అని బంగారు అక్షరాల్లో వచ్చింది. సైనికులు వరసగా వచ్చి పంక్తిలో కూర్చున్నారు. సూరమ్మ వాళ్ళని చూసి, "అమ్మయ్య, మొహమాటం పోయింది" అని కళ్ళొత్తుకుంది. బయట శేషగిరి అరుగు మీద చతికిలబడ్డాడు.

ఇందుమతి ఊచల్లోంచి అడిగింది. "రేపు నన్ను ఎక్కడికి తీసుకెళ్ళాలి?"

"సముద్రానికి" అన్నాడు శేషగిరి.

"ఆయనే నాన్నా" అని ఏడుస్తూ వెళ్ళి గడియ తీసింది. ఆ మాట శత్రువులకి తెలిసే అవకాశం లేదు కదా.

ఆ తర్వాత నేను శేషగిరికి పెరట్లో గోడ లేని చోటు చూపించాను. "ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాడు. భోజనం చేస్తున్న మనిషిని లేపడం మర్యాద కాదని చెప్పాను. నిజానికి ఆ తమాషా చూస్తూ నేనూ మర్చిపోయాను. పక్కింట్లో ఇరవై ఏళ్ళు ఉంటే కొంచెం అంటుకుంటుంది.

సోమవారం పొద్దున మొగుడూ పెళ్ళాలు అయిదు గిన్నెల కారేజీతో బస్సెక్కారు. మధ్యాహ్నం ఇందుమతి నుంచి ఫోను. కొండలరావు స్పీకర్ పెట్టాడు. అవతల హోరుగాలి, ఆ పిల్ల వెక్కిళ్ళు.

"ఏమ్మా, సముద్రం బాగాలేదా?"

"చాలా బాగుంది నాన్నా. అంత పెద్దది ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నేను నిలబడగానే తనే నా దగ్గరికి వచ్చింది. కాళ్ళదాకా వచ్చి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయింది. తినకుండా ఎలా పంపిస్తాను? ఆకేసి వడ్డించాను. ఆకుతో సహా తినేసి మళ్ళీ వచ్చింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ వచ్చింది. కారేజీ ఖాళీ అయిపోయింది నాన్నా, ఇంకా వస్తూనే ఉంది. మన వడ్డన చాలలేదు."

గుండిగలవాళ్ళ వడ్డన చాలకపోవడం ఏడు తరాల్లో లేదు. ముత్యాలమ్మగారు గోడ పట్టుకుని కూర్చుంది.

కొండలరావు గొంతు సవరించుకున్నాడు. "కంగారుపడకు తల్లీ. ఇంటికి భోజనానికి రమ్మను" అన్నాడు.

"పిలిచాను నాన్నా. నోటితో ఏమీ అనలేదు గానీ, తల ఊపినట్టే ఉంది."

మంగళవారం తెల్లారేసరికి ఇంట్లో ఉన్న గుండిగలన్నీ పొయ్యెక్కాయి. ఆ వచ్చే అతిథి గుమ్మంలో పట్టడని తాతారావు వీధి తలుపు చౌకట్టుతో సహా ఊడదీశాడు. మిగిలిన గోడ కూడా కొట్టేశాడు. అది నా గోడ కూడా అని గుర్తు చేస్తే, "అయితే మీరూ పిలిచినట్టే అక్కయ్యగారూ" అన్నాడు.

నేను కొండలరావు దగ్గరికి వెళ్ళాను. ఆయన గరిటె పట్టుకుని సాంబారు కలుపుతున్నాడు. "తమ్ముడూ, నిజంగానే సముద్రం వచ్చేస్తే ఎలా? కాస్త ఆలోచించావా?" అన్నాను.

"ఆలోచించకుండా ఉంటానా అక్కయ్యగారూ" అని నవ్వాడు. "అందుకే ఇవాళ ఏ వంటలోనూ ఉప్పు వెయ్యనివ్వలేదు. ఆయన తనది తనే తెచ్చుకుంటారు."